పెద్ద కార్లను మరిపించిన చిన్న కారు

1988 సెప్టెంబరు 11. ఇటలీలోని మోంజా ట్రాక్. పందెం ముగియడానికి రెండు ల్యాపులే మిగిలాయి. అందరికన్నా ముందు ఐర్టన్ సెన్నా. ఆ ఏడాది అప్పటిదాకా జరిగిన పదకొండు ఫార్ములా వన్ పందేలూ మెక్‌లారెన్ జట్టువే. సహచరుడు అలెన్ ప్రాస్ట్ ఇంజను చెడి అప్పటికే తప్పుకున్నా, పన్నెండోది కూడా చేతికి వచ్చినట్టే ఉంది.

అప్పుడు మొదటి మలుపుల దగ్గర ఒక విలియమ్స్ కారు సెన్నాకి అడ్డొచ్చింది. నడుపుతున్నది జాన్ లూయీ ష్లెసర్. ఆటలమ్మ పోసి మంచం పట్టిన నైజెల్ మాన్సెల్ బదులు ఆ ఒక్క పందేనికి వచ్చినవాడు. రెండు కార్లూ తగులుకున్నాయి. సెన్నా పందెం అక్కడితో సరి. వెనక వస్తున్న రెండు ఎర్ర ఫెరారీలు ముందుకు దూసుకుపోయాయి. ఎన్‌జో ఫెరారీ కన్నుమూసి అప్పటికి నెల కూడా తిరగలేదు. ఆయన కార్లు సొంతగడ్డ మీద మొదటి రెండు స్థానాలూ పట్టేశాయి. స్టాండ్లలో జనం ఎలా ఊగిపోయి ఉంటారో వేరే చెప్పాలా!

ఆ ఏడాది మెక్‌లారెన్ ఓడిన పందెం అదొక్కటే. పదహారింట్లో పదిహేను గెలిచింది. ఈ కథ మాత్రం ఆ ఒక్క ఓటమి తర్వాతే మొదలైంది.

మోంజా నుంచి ఇంటిదారి పట్టిన మెక్‌లారెన్ పెద్దలు మిలన్‌లోని లినాటే విమానాశ్రయంలో చిక్కుకుపోయారు. విమానం ఆలస్యం. నలుగురూ కూర్చున్నారు: జట్టు అధిపతి రాన్ డెన్నిస్, భాగస్వామి మన్సూర్ ఒజ్జే, వ్యాపార వ్యవహారాలు చూసే క్రైటన్ బ్రౌన్, సాంకేతిక విభాగం నడిపే గోర్డన్ మర్రే. ఇక తర్వాత ఏం చేద్దామన్న మాట వచ్చింది. ట్రాక్ మీద గెలవాల్సినంత గెలిచారు. రోడ్డు మీద తిరిగే కారు ఒకటి చేస్తే? అది కూడా ప్రపంచంలో అంతకు మించినది లేదనిపించేలా చేస్తే? విమానం వచ్చేలోపు ఆ ఆలోచన నలుగురికీ ఎక్కేసింది.

భారం మర్రే మీద పడింది. 1946లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పుట్టి, 1969లో ఇంగ్లండ్ చేరి, బ్రాభమ్ జట్టులో పేరు తెచ్చుకున్న మనిషి. 1978లో కారు వెనక పెద్ద ఫ్యాను పెట్టి, కారును నేలకి అంటుకునేలా లాగి, పందెం గెలిపించి, మిగతా జట్ల గుండెల్లో రాయి వేసింది ఇతనే. బరువంటే అతనికి పడదు. ఒక కిలో తగ్గించడం కోసం నెలలు పోరాడగలడు. అలాంటివాడు రోడ్డు కారు గీయాలంటే ముందు ఏం చేయాలి? కాగితం, పెన్సిలు తీయాలి అనుకుంటాం. అతను ముందు తాళాలు తీసుకున్నాడు. అప్పటికి లోకంలో ఉన్న మేటి స్పోర్ట్స్ కార్లు ఒక్కొక్కటే నడుపుతూ పోయాడు. ఫెరారీ, పోర్షే, లాంబోర్గిని. తన కారును దేనితో పోల్చి కొలవాలో తేల్చుకోవాలి కదా!

అప్పటి కార్లు ఎలాంటివో ఒకసారి చూద్దాం. 1987లో వచ్చిన ఫెరారీ ఎఫ్40కి 2.9 లీటర్ల ఇంజను, రెండు టర్బోలు, 478 గుర్రాల శక్తి. లోపల తివాచీ లేదు. తలుపు తీయడానికి పిడి లేదు, తాడు లాగాలి. పోర్షే 959 దీనికి పూర్తిగా ఎదురు. 450 గుర్రాలు, నాలుగు చక్రాలకూ శక్తి, ఏ చక్రానికి ఎంత పంపాలో కంప్యూటరే నిర్ణయిస్తుంది. బరువు మాత్రం దాదాపు పద్నాలుగున్నర క్వింటాళ్లు. ఇక లాంబోర్గిని కౌంటాష్. గోడకి అంటించుకునే బొమ్మల్లో దాన్ని మించిన కారు లేదు. వెనక్కి తీయాలంటే మాత్రం నడిపేవాళ్లు తలుపు పైకెత్తి, గుమ్మం మీదికి జరిగి, తల బయటపెట్టి చూసేవాళ్లు. లోపలి నుంచి వెనక ఏముందో కనపడదు మరి.

ఇవన్నీ నడిపితే మర్రేకి కనపడ్డది వేగం ఒక్కటే కాదు. పెడళ్లు. చాలా కార్లలో ముందు చక్రం గూడు లోపలికి చొచ్చుకొస్తుంది. దాంతో పెడళ్లు పక్కకి జరుగుతాయి. నడుము ఒక వైపు, కాళ్లు ఒక వైపు. పది నిమిషాలు సరదాగా తిరిగితే తెలియదు, మూడు గంటలు కూర్చుంటే తెలుస్తుంది. కిటికీ అంచులు భుజం దాకా ఉంటాయి. కప్పు తలకి తగులుతుంది. ఏసీ ఉందంటే ఉంది. సామాను పెట్టుకోవడానికి చోటుండదు. ఇంత డబ్బు పోసి కొన్న కారు ఊళ్లో తిరగడానికి పనికి రాదు, దూరప్రయాణానికీ పనికి రాదు. మర్రే మనసులో ఉన్న కారు అలాంటిది కాదు. పొద్దున లండన్ ట్రాఫిక్‌లో చిరాకు పెట్టకుండా నడవాలి, అదే కారు అట్నుంచటే ఫ్రాన్సు దక్షిణ తీరం దాకా హాయిగా పోవాలి.

ఎఫ్40 గురించి అతను 1990లో ఒక అమెరికన్ కార్ల పత్రికలో నిర్మొహమాటంగా చెప్పాడు. అందులో ఉత్సాహం పుట్టించేది దాని తక్కువ బరువేనని, అంతకుమించి మాయ ఏమీ లేదని. ఇనుప గొట్టాలు అతికించి చేసిన ఆ చట్రంలోని పనితనం అరవైల నాటిదన్నాడు. ఫెరారీ అభిమానులకి కోపం రావచ్చు. నాకు మాత్రం ఆ మాటలో నిజాయితీయే కనపడుతుంది. పేరు చూసి తల ఊపని మనిషి చేతిలో పడితేనే కారు అసలు సంగతి బయటికొస్తుంది.

అప్పట్లో మెక్‌లారెన్ పందెం కార్లకి ఇంజన్లు హోండావి. ఆ పని మీద మర్రే, సెన్నా కలిసి జపాన్‌లోని టోచిగిలో ఉన్న హోండా పరిశోధనా కేంద్రానికి వెళ్లారు. అక్కడి టెస్ట్ ట్రాక్ దగ్గర ఒక కారు ఆగి ఉంది. చిన్నది. నేలకి దగ్గరగా, పొడవాటి తోకతో. డ్రైవరు కూర్చునే గది బాగా ముందుకి జరిగి, చుట్టూ అద్దాలతో, యుద్ధవిమానం కాక్‌పిట్‌లా. అది ఎఫ్-16 విమానాన్ని చూసి గీసిన రూపమే. అదేమిటని అడిగితే తెలిసింది: హోండా కొత్తగా తయారుచేస్తున్న స్పోర్ట్స్ కారు. పేరు ఎన్‌ఎస్‌ఎక్స్. సీటు వెనక మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను.

మూడు లీటర్లు, ఆరు సిలిండర్లు. పన్నెండు సిలిండర్ల కార్లు నడిపి వచ్చినవాడికి ఆ లెక్క ఆనలేదు. ఇంజను ఇంకా పెద్దదైతే బాగుండేదని మర్రేకి అనిపించింది. అయినా ఎక్కి కూర్చున్నాడు.

తర్వాత జరిగింది అతనే ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాడు. ఆ కారు నడిపిన క్షణంలోనే, అప్పటిదాకా కొలతగా పెట్టుకున్న ఫెరారీ, పోర్షే, లాంబోర్గిని అన్నీ అతని మనసులోంచి తుడిచిపెట్టుకుపోయాయి. తన కారు దీనికన్నా వేగంగా పోవాలి, అందులో సందేహం లేదు. కానీ గతుకుల మీద ఒళ్లు కదలకుండా తీసుకుపోయే ఆ నడక, మలుపులో చెప్పినట్టు వినే ఆ తీరు ఉన్నాయే, అవే ఇక తన గురి.

ఇక్కడ కాసేపు ఆగి చెప్పాల్సిన మాట ఒకటుంది. కాగితం మీద చూస్తే ఎన్‌ఎస్‌ఎక్స్ ఆ పోటీలో నిలవదు. జపాన్‌లో అమ్మిన దాని శక్తి 280 గుర్రాలు. ఎఫ్40కన్నా దాదాపు రెండు వందలు తక్కువ. పట్టిక చూసి కొనేవాడు దాన్ని మొదటి వరసలోనే కొట్టేస్తాడు. మర్రే దాన్ని పట్టికలో కలవలేదు, మిగతావి నడిపిన ఒళ్లు ఇంకా మరచిపోకముందే సీట్లో కలిశాడు. అందుకే తేడా తెలిసింది.

కారు నడక విషయంలో ఒంటి జ్ఞాపకం చాలా చిన్నది. నెల కింద నడిపిన కారు స్టీరింగ్ ఎంత బరువుగా ఉందో చెప్పమంటే నోటికొచ్చేది అభిప్రాయమే, అనుభవం కాదు. అదే, ఒక కారు దిగి దాని ఇంజను చల్లబడకముందే రెండోది ఎక్కి, అదే రోడ్డు మీద, అదే గుంతలో, అదే మలుపులో పోనిస్తే, అప్పటిదాకా మాటలకి అందని సంగతులు చేతులకీ నడుముకీ అందుతాయి. వరస కూడా ముఖ్యమే. మెత్తటి కారు దిగి గట్టి కారు ఎక్కితే అది ఉన్నదానికన్నా మొరటుగా తోస్తుంది. అందుకే రెండోది నడిపాక మళ్లీ మొదటిది ఎక్కాలి. తెలిసినవాళ్లు టైర్లలో గాలి సరిచూసుకుని, కాస్త దూరం పోనిచ్చి టైర్లు వేడెక్కాకే పోలిక మొదలుపెడతారు. లక్షలు, కోట్లు పెట్టే కొనుగోలులో ఈ ఒక్క పూట ఓపిక లేక, తళతళలాడే కారు ఒక్కదాన్నే నున్నటి రోడ్డు మీద పది నిమిషాలు తిప్పి సంతకం పెట్టేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. స్పోర్ట్స్ కారు గుణం నున్నటి రోడ్డు మీద బయటపడదు. నలభై కిలోమీటర్ల వేగంలో గుంతలో దిగినప్పుడు స్టీరింగ్ చేతిలో ఎలా అదిరింది, సిగ్నల్ దగ్గర క్లచ్ ఇరవైసార్లు తొక్కాక పిక్కలు ఏమన్నాయి, వెనక్కి తీస్తే ఏం కనపడింది, అక్కడ బయటపడుతుంది.

ఎన్‌ఎస్‌ఎక్స్ అంత బాగా కుదరడం ఊరికే జరగలేదు. షిగేరు ఉయెహారా నాయకత్వంలో హోండా ఇంజనీర్లు ఫెరారీనే ఎదురు పెట్టుకుని, దాని వేగం అందుకుంటూనే రోజూ వాడుకోగలిగే కారు చేయాలని కూర్చున్నారు. బాడీ మొత్తం అల్యూమినియంతో చేశారు. మామూలుగా తయారై అమ్ముడయ్యే కార్లలో అంతకు ముందు ఎవరూ చేయని పని. ఇనుముతో చేస్తే అయ్యే బరువులో 140 కిలోలు అక్కడే తగ్గాయి. ఇంజనులో కనెక్టింగ్ రాడ్లు టైటానియంతో చేశారు. అదీ మొదటిసారే. అందుకే ఆ ఇంజను నిమిషానికి 8,000 చుట్లు అలవోకగా తిరిగేది.

అయినా వాళ్లకీ ఒక దెబ్బ తగిలింది. 1989 ఫిబ్రవరిలో సుజుకా ట్రాక్‌లో మెక్‌లారెన్ పరీక్షలు జరుగుతున్నప్పుడు సెన్నాని ఎన్‌ఎస్‌ఎక్స్ నడిపి చూడమన్నారు. నడిపి దిగాడు. మామూలు జనం కొనే కార్ల గురించి తాను సలహా ఇవ్వగలనో లేదో అంటూనే, కారు కొంచెం పెళుసుగా అనిపిస్తోందని చెప్పాడు. అంతే. ఎక్కడ, ఎంత అన్న లెక్కలు లేవు. ప్రపంచంలోకెల్లా చురుకైన పందెం కారు దిగి వచ్చిన చేతులు చెప్పిన మాట అది. పక్కపక్కన పోల్చి నడపడంలోని బలం ఇక్కడే ఉంది. కొలిచే యంత్రాలతో ఇంజనీర్లు ఎంతో దూరం వచ్చాక, ఒక మనిషి ఒంటికి తెలిసింది వాళ్లని మళ్లీ బల్లల దగ్గర కూర్చోబెట్టింది.

వాళ్లు నొచ్చుకుని ఊరుకోలేదు. కారును జర్మనీ తీసుకెళ్లారు. అక్కడి నూర్‌బుర్గ్‌రింగ్ ఉత్తర ట్రాక్ ఇరవై కిలోమీటర్లకు పైగా పొడవు, కొండల్లో ఎక్కుతూ దిగుతూ, కారును అడుగడుగునా మెలితిప్పే దారి. పక్కనే ముల్లెన్‌బాఖ్ అనే ఊళ్లో బస. నడపడం, ఎక్కడ బాడీ వంగుతోందో పట్టుకోవడం, అక్కడ బలం చేర్చడం, మళ్లీ నడపడం. ఎనిమిది నెలలు ఇదే పని. చివరికి బాడీ గట్టిదనం యాభై శాతం పెరిగింది. 1990లో కారు అమ్మకానికి వచ్చింది. జపాన్‌లో ధర 80 లక్షల యెన్‌ల పైచిలుకు.

మర్రేని ఆకట్టుకున్న కీలకం ఆ కారు ముందు చక్రాల దగ్గర ఉంది. చక్రం గుంతలో పడ్డప్పుడు కొద్దిగా వెనక్కి జరగనివ్వాలి, అప్పుడే కుదుపు మనిషిదాకా రాదు. కానీ అలా జరిగినప్పుడు చక్రం చూసే దిక్కు మారితే కారు గురి తప్పుతుంది. మామూలుగా ఈ రెండింట్లో ఏదో ఒకటి వదులుకోవాలి. మెత్తదనం కావాలంటే చురుకు పోతుంది, చురుకు కావాలంటే నడుము విరుగుతుంది. హోండావాళ్లు చక్రాన్ని పట్టుకునే భాగాన్ని ఒక ఇరుసు మీద నిలబెట్టారు. చక్రం వెనక్కి జరుగుతుంది, దిక్కు మాత్రం మారదు. ఇంత చిన్న మెలిక కోసం ఎంత ఆలోచించి ఉంటారో ఊహిస్తే నాకు ఇప్పటికీ ఆ ఇంజనీర్లకి దండం పెట్టాలనిపిస్తుంది.

మర్రే ఆ కారును మెచ్చుకుని ఊరుకోలేదు. సొంత డబ్బు పెట్టి ఒకటి కొనుక్కున్నాడు. ఏడేళ్ల పాటు రోజువారీ తిరగడానికి అదే వాడాడు. లోకంలో ఏ స్పోర్ట్స్ కారైనా నడపగలిగే స్థానంలో ఉన్నవాడు, వాటన్నిటినీ పోల్చి చూశాక, తన కోసం ఎంచుకున్నది అది. నా దృష్టిలో ఇంతకు మించిన తీర్పు ఉండదు.

ఆ కారు మీద ఇష్టం కొద్దీ తన కలల కారుకి కూడా హోండా ఇంజనే కావాలనుకున్నాడు. నాలుగున్నర లీటర్ల ఇంజను, పది సిలిండర్లదైనా పన్నెండు సిలిండర్లదైనా సరే, చేసివ్వమని అడిగాడు. ఎంతగా నచ్చజెప్పినా హోండా ఒప్పుకోలేదు. చివరికి పాత స్నేహితుడు, బీఎండబ్ల్యూలో ఇంజన్ల నిపుణుడు పాల్ రోషె ముందుకొచ్చి, 6.1 లీటర్ల పన్నెండు సిలిండర్ల ఇంజను చేసిచ్చాడు. 627 గుర్రాలు.

1992 మే 28న మొనాకోలో ఆ కారు మీది తెర తీశారు. పేరు మెక్‌లారెన్ ఎఫ్1. బరువు 1,140 కిలోలు. బాడీ అంతా కార్బన్ ఫైబర్. డ్రైవరు సీటు నట్టనడుమ, అటూ ఇటూ కాస్త వెనగ్గా ఇద్దరికి చోటు. ఆ నడిమి సీటును చాలామంది హంగు అనుకున్నారు. కారు మధ్యలో కూర్చుంటే చక్రం గూడు కాళ్లకి అడ్డురాదు, పెడళ్లు సరిగ్గా కాళ్ల ఎదురుగా ఉంటాయి. ఆ పెద్ద కార్లలో వంకరగా కూర్చున్న బాధకి మర్రే కనుక్కున్న మందు అది. వెనక చక్రాల ముందు, రెండు పక్కలా సామాను అరలు. ఏసీ ఉంది. బ్రేకులకి గానీ స్టీరింగ్‌కి గానీ సాయం చేసే యంత్రం లేదు, రోడ్డు ఏం చెబుతుందో చేతులకి నేరుగా తెలియాలని.

ఎన్‌ఎస్‌ఎక్స్ నుంచి నేర్చుకున్న మెత్తదనం పాఠాన్ని అతను ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముందు చక్రం వెనక్కి లాగబడి, స్టీరింగ్ తిన్నగా నిలబడడానికి ఆధారమైన క్యాస్టర్ కోణం తగ్గిపోతుంది. ఎంత తగ్గితే స్టీరింగ్ అంత తడబడుతుంది. జాగ్వార్ ఎక్స్‌జే6లో ఆ తగ్గుదల 4.30 డిగ్రీలు, పోర్షే 928లో 3.60, ఎన్‌ఎస్‌ఎక్స్‌లో 2.91. ఎఫ్1లో 1.02. టోచిగిలో మనసుకు తెలిసినదాన్ని అంకెల్లో పట్టి, దాన్ని దాటాడన్నమాట.

తర్వాతి సంగతులు కార్ల పిచ్చి ఉన్నవాళ్లందరికీ తెలిసినవే. పందేల కోసం పుట్టని ఆ కారు 1995లో ల మాన్స్ 24 గంటల పందెం గెలిచింది. 1998 మార్చి 31న జర్మనీలోని ఎరా-లెసీన్ ట్రాక్‌లో ఆండీ వాలెస్ దాన్ని గంటకు 386.4 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. మొత్తం 106 చేశారు.

అంత చేసినా ఎఫ్1లో మర్రేకి ఒక లోటు మిగిలింది. అది వేగం విషయంలో కాదు. 1962లో ఇంగ్లండులో పుట్టిన లోటస్ ఎలాన్ అనే కారుంది. ఏడు క్వింటాళ్ల బరువు కూడా తూగని రెండు సీట్ల బండి, ఇంజను లీటరున్నర చిల్లర. దాని స్టీరింగ్‌లో ఉన్నంత కచ్చితమైన స్పర్శను తన కారుకి ఇవ్వలేకపోయానని మర్రే స్వయంగా చెప్పాడు.